మధ్యాహ్నము పన్నెండున్నరకు బిడ్డ యెక్కడ నుండవలెను?

తెలంగాణ రాష్ట్ర పాఠశాల విద్యాశాఖ, స్త్రీ శిశు సంక్షేమ శాఖ, కార్మిక శాఖల ఉన్నతాధికారులకు మాదాపూరు నుండి ఒక తల్లి వ్రాయు బహిరంగ లేఖ



ఏటేట మార్చి మాసము సగమగుసరికి ప్రభుత్వము నుండి రెండు హితవాక్యములు మా చెవిని పడును. ఎండలు ముదురుచున్నవి గనుక 15వ తేదీ నుండి బడులు ఒంటిపూటయే నడచుననియు, ఉదయము 8 గంటలకు మొదలై మధ్యాహ్నము 12.30కు ముగియుననియు మొదటి మాట. మధ్యాహ్నము 12 గంటల నుండి 3 గంటల వరకు, అందునను పసిబిడ్డలు, గర్భిణులు, వృద్ధులు, ఇల్లు కదలి వెలుపలికి రాగూడదనునది రెండవ మాట. మొదటిది విద్యాశాఖది, రెండవది వైద్యారోగ్యశాఖది. రెండును ఒకే ప్రభుత్వమువి. ఈ రెండు కాగితములను ఒకే బల్లమీద ప్రక్కప్రక్కన పెట్టి చదివిన అధికారి మీలో ఒక్కరైన నున్నారా? ఏ గంటకు వీధిలో నడువరాదని పిల్లలను హెచ్చరించుచున్నారో, సరిగా ఆ గంటకే వారిని బడి గేటు వెలుపల నిలుపుచున్నారని మీకు తోచలేదా? తోచియు, ఇంటికే గదా పోవుదురు, ఇంట తల్లి యుండును గదా యని ఊరకుంటిరా?

ఆ చివరి ఊహయే నాచేత ఈ లేఖ వ్రాయించుచున్నది. ఇంట తల్లి యుండుననెడి ఊహ మీ వేసవి ఉత్తరువులన్నింటికిని పునాది. మాదాపూరులో ఆ పునాది లేదు.

1998 నవంబరు 22వ తేదీన నాటి ప్రధాని అటల్ బిహారీ వాజపేయి సైబర్ టవర్సును ప్రారంభించిన నాటి నుండి నేటి వరకు ఈ గుట్టల నడుమ లేచిన ప్రతి భవనమును స్త్రీల చదువును, స్త్రీల శ్రమను ఆశ్రయించియే నిలిచినది. పై అంతస్తులో కంప్యూటరు ముందు కూర్చున్న స్త్రీ, ఆ అంతస్తు నేలను తుడుచు స్త్రీ, క్రింద గేటువద్ద సంచులు తనిఖీ చేయు స్త్రీ, ఎదుటి వీధిలో లేచుచున్న మరియొక భవనమునకు ఇసుక తట్ట మోయు స్త్రీ, వీరి యిండ్లలో అంట్లు తోమి వంట చేసిపెట్టు స్త్రీ, వీరిలో అనేకులు పసిబిడ్డల తల్లులు. వీరిని పనికి రమ్మని పిలిచినది ఈ నగరము. పిలిచిన వేళ వారి చంకలోని బిడ్డ మీ కంటబడలేదా?

వేసవిలో ఇట్టి తల్లి దినచర్య ఎట్లుండునో మీ యెదుట నుంచుట అవసరమని తలచుచున్నాను, ఏలయన మీ దస్త్రములలో అది ఎక్కడను వ్రాయబడి యుండదు. అర్ధరాత్రి దాటిన పిదప గూడ గోడలు పగటి వేడిని వెలిగ్రక్కుచుండగా, వీపంతయు చెమటకాయలు పేలిన పసివాడు పక్కమీద దొర్లి దొర్లి ఏడ్చి, తెల్లవారుజామున కాస్త కన్ను మూయు వేళకు ఆమె లేవవలెను. బోరు ఎండిన అపార్టుమెంటులో ట్యాంకరు వచ్చి సంపులో నీరు దింపినదాక స్నానములు ఆగవలెను. దింపిన పిదప మోటారు నడచునంతసేపు కరెంటు పోకుండవలెను. ఎండ ఎక్కకమునుపే రెండు పూటల వంట ముగించి, పెరుగన్నము పులియకుండ చల్లని తావున నుంచి, నీళ్లకుండకు తడిగుడ్డ చుట్టి, మజ్జిగలో ఉప్పు కలిపి నిమ్మకాయ పిండి, సబ్జాగింజలు నానవేసి, ఓఆర్‌ఎస్ పొట్లము ఏ డబ్బాలో నున్నదో ఇంట నుండు పెద్దపిల్లకు రెండుసార్లు చెప్పి, గ్యాసు కట్టివేసి, బాల్కనీ తలుపునకు గడియ పెట్టి, తొమ్మిది గంటలకు గడప దాటు ఆ తల్లి, మధ్యాహ్నము 22 డిగ్రీల చల్లదనములో సమావేశమందు కూర్చున్నను, ఆమె మనస్సు 40 డిగ్రీల గదిలో నుండును. బిడ్డ నీళ్లు త్రాగెనా, మూత్రము పచ్చగా వచ్చుచున్నదా, పెద్దపిల్ల ఫోను ఎత్తకున్నది నిద్రపోయియా, మరేమైననా?

ఆ పెద్దపిల్ల యెవరు? ఎనిమిదేండ్లదో, తొమ్మిదేండ్లదో. ఒంటిపూట బడి నుండి 12.30కు వచ్చి, వచ్చిన క్షణము నుండి మూడేండ్ల తమ్మునికి తల్లియగు బాలిక. మీరు ఆమెకు సగము దినము విశ్రాంతి నిచ్చితిమనుకొనుచున్నారు; మీరామెకు అప్పగించినది ఒక ఉద్యోగము. ఏప్రిల్ చివరి వారమున సెలవులు మొదలైన పిదప జూన్ 12న బడులు తెరచువరకు ఆ ఉద్యోగము పూర్తిదినపుదగును. సాయంకాలము ఆరు గంటలకు గూడ ఉద్యానవనములోని సిమెంటు బల్ల కాలుచుండును గనుక, పిల్లలు సెల్లారులో కార్ల మధ్యను ఆడుకొందురు, లేదా తల్లి వచ్చునంతవరకు ఫోనులో బొమ్మలు చూతురు. పిల్లలు ఫోనులకు బానిసలగుచున్నారని సభలలో విచారించు పెద్దలు, మూయబడిన ఆ గదిలో వారికి మరియేమి మిగిలియున్నదో ఎన్నడైన విచారించిరా?

డబ్బున్నవారికి డేకేర్లు గలవు, సమ్మర్ క్యాంపులు గలవు అనువారున్నారు. సమ్మర్ క్యాంపు అనునది చాలచోట్ల ఉదయము మూడు గంటల ముచ్చట. మధ్యాహ్నమునకు బిడ్డ మరల వీధిలోనే. దినమంతయు ఉంచుకొను డేకేర్ల రుసుము మంచి జీతము గల తల్లికే బరువు. ఇతరుల యిండ్లలో పనిచేసి బ్రతుకు తల్లి ఆ గుమ్మము త్రొక్కుట కల్ల. మా యింటికి పనికి వచ్చు ఆమెకు నాలుగేండ్ల కూతురు గలదు. అంగన్‌వాడీ తెరచియున్నన్నాళ్లు ఆ బిడ్డ అక్కడ గ్రుడ్డు తిని, పాట నేర్చుకొని, నిద్రించెడిది. కేంద్రము మూసినపుడు ఆమె బిడ్డను వెంటబెట్టుకొని యింటింటికి తిరిగినది. కొన్ని యిండ్లవారు బిడ్డను లోనికి రానిచ్చిరి, కొందరు మెట్లమీద కూర్చుండబెట్టుమనిరి. నేను ఆఫీసులో నిశ్చింతగా కూర్చొనగలుగుట ఆమె శ్రమవలన. ఆమె శ్రమ సాగుట ఆ అంగన్‌వాడీ టీచరువలన. ఈ గొలుసులో ఒక్క లంకె తెగినను భారమంతయు వచ్చి పడునది నాలుగేండ్ల బిడ్డ నెత్తిమీదనే.

స్త్రీ శిశు సంక్షేమ శాఖవారలారా, 2025 వేసవిలో మీరు మొట్టమొదటిసారిగా మే మాసమంతయు అంగన్‌వాడీ కేంద్రములను మూసితిరి. ఆ నిర్ణయము టీచర్ల, ఆయాల చిరకాలపు కోరిక ననుసరించినదని యెరుగుదును. వారును తల్లులే, స్వల్పవేతనమునకు ఏడాది పొడవున ఊరి బిడ్డల నందరిని పెంచువారు. వారి విశ్రాంతిని ఒక్క దినమైన తగ్గింపుడని నేను కోరను, కోరువారితో చేయి కలుపను. కాని మనుష్యులకు సెలవు ఈయవలెనన్నచో తలుపునకు తాళము వేయుట యొక్కటియేనా మార్గము? అంతకు పూర్వము టీచరునకు కొన్నాళ్లు, ఆయాకు కొన్నాళ్లు వంతులుగ సెలవిచ్చి కేంద్రమును తెరచియుంచెడివారు గదా. ఆ పద్ధతిలో ఒక్కరిమీదనే భారము పడినమాట నిజమైనచో, ఆ నెలకు మరియొక మనిషిని నియమింపరాదా? గ్రుడ్లను, బాలామృతమను పోషకాహారమును ఇంటికే చేర్చితిమని మీరనవచ్చును. చేర్చితిరి, సంతోషము. గ్రుడ్డు ఇంటికి వచ్చినది. దానిని ఉడికించి, ఒలిచి, మధ్యాహ్నము బిడ్డచేత తినిపించు మనిషి ఎక్కడనుండి రావలెను?

1975 అక్టోబరు 2వ తేదీన దేశములో 33 బ్లాకులలో, ఈ అంగన్‌వాడీలకు మూలమైన ఐసీడీఎస్ పథకము ఆరంభమైనపుడు, పొలమునకు పోవు తల్లి మధ్యాహ్నము ఇంటికి వచ్చి చూచుకొనగలదని తలచియుందురేమో. నేటి మాదాపూరు తల్లికి ఆ వీలు లేదు. కేంద్ర ప్రభుత్వము సైతము ఈ సంగతి గుర్తించి, 2022లో పాల్నా యను పేర, 6 నెలల బిడ్డ మొదలు 6 ఏండ్ల బిడ్డ వరకు, అంగన్‌వాడీలోనే దినమంతయు సంరక్షించు ఏర్పాటును ప్రకటించినది. సిద్దిక్‌నగరులో, గుట్టల బేగంపేటలో, అయ్యప్ప సొసైటీ వెనుక సందులలో అట్టి కేంద్రములు ఎన్ని తెరచితిరి? తెరచియున్నచో వాని చిరునామాలు ఆ వీధుల తల్లులకు ఎవరైన చెప్పిరా?

విద్యాశాఖవారలారా, ఆరేండ్లు దాటిన పిల్లలకైన కొంత ఆసరా గలదు. నగరపాలక సంస్థ యేటేట నడుపు వేసవి శిక్షణ శిబిరములలో 6 నుండి 16 ఏండ్ల వారికి నామమాత్రపు రుసుముతో ఆటలు నేర్పుదురు; అది మెచ్చదగిన పని. అదియు ప్రాతఃకాలముననే. ఎండ నడినెత్తికి వచ్చినప్పుడు నీడ పట్టున కూర్చుండుటకు, ఒక పుస్తకము తిరగవేయుటకు, ఫంకా క్రింద నొక కునుకు తీయుటకు బహిరంగస్థలము ఒక్కటియు లేదు. మీ బడులకు గోడలున్నవి, పైకప్పులున్నవి, కొళాయిలున్నవి, మధ్యాహ్న భోజనము వండు గిన్నెలున్నవి. ఒంటిపూట బడి యనగా చదువు ఒంటిపూట యగుగాక. పిల్లల నెండలోనికి తరుముట యేల? చదువు ముగిసిన పిదప 4 గంటల వరకు, వెళ్లదలచినవారు వెళ్లగా, దిక్కులేనివారు నీడను నిలుచుటకు రెండు గదులు తెరచియుంచుట మీకంత దుష్కరమా? 2023 ఏప్రిల్ 3వ తేదీన ఈ రాష్ట్రము చల్లని పైకప్పుల విధానమును ప్రకటించినది. తెల్లని పూతతో కప్పు వేడిని తగ్గించుట దాని సారము. ఆ పూత మొదట పడవలసినది ఏ కప్పుమీద? పసిపిల్లలు కూర్చుండు రేకుల గదిమీద, అద్దెకు తీసికొన్న అంగన్‌వాడీ గదిమీద పడవలదా?

ఎండ అందరికి నొక్కటేనని మీలో నెవరైన అందురేమో యని ఒక మాట చెప్పవలసియున్నది. పసిబిడ్డ శరీరమునకు బరువుతో పోల్చిన చర్మవైశాల్యము హెచ్చు. వేడి త్వరగా లోనికి చొచ్చును. చెమట పట్టి చల్లబడు శక్తి పెద్దవారికంటె తక్కువ. అన్నింటికి మించి, దాహమైనదని చెప్పుకొను మాటలే ఇంకను రానిది ఆ వయస్సు. నీళ్లు అడుగలేని ప్రాణికి అడుగకయే ఇచ్చు చేయి ఒకటి ప్రక్కన నుండవలెను. 2025 ఏప్రిల్‌లో రాష్ట్ర ప్రభుత్వము వడగాడ్పులను, వడదెబ్బను రాష్ట్ర విపత్తుగా ప్రకటించి, మృతుల కుటుంబములకు 4 లక్షల రూపాయల పరిహారము నిర్ణయించినది. మరణించినవారి వెనుక నున్నవారిని ఆదుకొనుట ధర్మమే. ఆ ధనముతో ఒక ఆయాను ఎన్ని వేసవులు నియమింపవచ్చునో, ఎన్ని గదులకు ఫంకాలు బిగింపవచ్చునో గూడ లెక్కవేయుట ధర్మము కాదా?

ఇక కార్మిక శాఖవారలారా, ఈ లేఖలో నా ప్రశ్నలలో బరువైనవి మీకే. ఏలయన, మిగిలిన శాఖలను నేను దయకోరి అడుగవలసియున్నది. మిమ్ము చట్టము పేర అడుగవచ్చును.

స్వాతంత్ర్యము వచ్చిన మరుసటి సంవత్సరమే, 1948లో, ఫ్యాక్టరీల చట్టము స్త్రీలు పెక్కుమంది పనిచేయు కర్మాగారములో ఆరేండ్లలోపు బిడ్డలకు గది యుండవలెనని విధించినది. పొగగొట్టము క్రింద నూలు వడుకు తల్లికి దేశము నాడు గుర్తించిన హక్కు అది. 1996 నాటి భవన నిర్మాణ కార్మికుల చట్టము, ఏబదిమందికి మించి స్త్రీలు పనిచేయు నిర్మాణస్థలమున, గాలి వెలుతురులు గల గదియు, శిశుసంరక్షణలో శిక్షణ పొందిన స్త్రీయు నుండవలెనన్నది. 2017లో సవరించిన ప్రసూతి ప్రయోజనముల చట్టము, ఏబది లేక అంతకు మించి ఉద్యోగులు గల ప్రతి సంస్థకును శిశుసంరక్షణ గృహము ఉండవలెననియు, తల్లి దినమునకు నాలుగుసార్లు పోయి బిడ్డను చూచుకొనుటకు అనుమతింపవలెననియు, ఉద్యోగమున చేరునపుడే ఈ హక్కులన్నియు ఆమెకు లిఖితపూర్వకముగ తెలుపవలెననియు శాసించినది. 2025 నవంబరు 21న అమలులోనికి వచ్చిన నూతన కార్మిక స్మృతులలో గూడ ఈ బాధ్యత నిలిచియే యున్నది.

మాదాపూరులో నడచిపోవుచు చూడుడు. పాలమూరు నుండియు, ఒడిశా, బీహారు, ఛత్తీస్‌గఢ్‌ల నుండియు వచ్చిన తల్లులు నలుబది అంతస్తుల కట్టడము క్రింద ఇటుకలందించుచుండగా, ఇనుప కడ్డీల నడుమ చీరతో కట్టిన ఉయ్యాలలో బిడ్డ నిద్రించుచుండును. అడుగులు వచ్చిన బిడ్డ ఇసుకకుప్పమీద ఆడుచుండును. ఆ ఇసుక మధ్యాహ్నము ముట్టిన చేయి కాలును. చట్టము చెప్పిన గది యెక్కడ? ఒకే స్థలమున పనిచేయు స్త్రీలను నలుగురు గుత్తేదారుల క్రింద నాలుగు జాబితాలలో వ్రాసి, ఏ జాబితాయు ఏబది దాటలేదని చూపినచో, మీ తనిఖీ అధికారి ఆ జాబితాలను లెక్కించునా, తట్టలు మోయు తల్లులను లెక్కించునా? నిర్మాణ వ్యయము నుండి కార్మికుల సంక్షేమము పేర సెస్సు వసూలగుచునే యున్నది గదా; ఆ ధనములో ఈ ఉయ్యాలకు నీడయైన దక్కవలదా?

అద్దాల మేడలలోని సంగతి వేరుగ నుండునని యనుకొనకుడు. మంచి వసతి కల్పించిన సంస్థలు లేకపోలేదు. వారికి తల్లులందరి పక్షమున కృతజ్ఞతలు. కాని నేనెరిగిన చోట్ల, బిడ్డను చూచుకొని వచ్చుటకు గంట పట్టునంత దూరముననున్న ఏదో డేకేరుతో ఒప్పందము కుదుర్చుకొని, చట్టము చెల్లినదని చేతులు దులుపుకొనినవారున్నారు. గంట దూరమునకు దినమునకు నాలుగుసార్లు ఏ తల్లి పోయిరాగలదు? వేసవి రెండు నెలలు బిడ్డలు బడికి పోని వేళలో ఇంటినుండి పనిచేయ ననుమతింపుమని ప్రాధేయపడిన తల్లులకు, అది మీ సొంత విషయమని ప్రత్యుత్తరము వచ్చిన సందర్భములను నేనెరుగుదును. ఇంతకంటె బాధాకరమైనది మరియొకటి గలదు. సంస్థలోని శిశుగృహమున ఉద్యోగుల బిడ్డలు నిద్రించుచుండగా, ఆ గది నేలను తుడుచు హౌస్‌కీపింగ్ స్త్రీ బిడ్డ ఆమె బస్తీలో తాళము వేసిన గదిలో నుండును. ఆమె కాంట్రాక్టు మనిషి, మా ఉద్యోగిని కాదందురు. 1961 నాటి ప్రసూతి ప్రయోజనముల చట్టమే, స్వయముగ నియమితురాలైనను, మధ్యవర్తి ద్వారా నియమితురాలైనను, వేతనమునకు పనిచేయు ప్రతి స్త్రీయు స్త్రీయే యని స్పష్టముగ నిర్వచించినది. ఆ వాక్యమును హైటెక్ సిటీలోని యజమానులకు చదివి వినిపించు బాధ్యత మీది కాదా?

అమ్మమ్మగారి ఊరికి పంపరాదా యని అడుగు పెద్దలకు గూడ ఇచ్చటనే సమాధానము చెప్పుదును. కొందరు పంపుచునే యున్నారు. పంపలేనివారి అమ్మమ్మ ఇప్పటికిని కూలికి పోవుచున్నది. మరి కొందరి ఊరిలో మిగిలినది తాళము వేసిన పెంకుటిల్లు. కుటుంబము చిన్నదైనపుడు పెద్దకుటుంబము చేసిన పనిని సమాజము చేయవలెనని మన పెద్దలు దశాబ్దముల క్రిందటనే గ్రహించిరి. 1940లో న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు ఆంధ్ర బాలానంద సంఘమును స్థాపించి, తమవి కాని బిడ్డలకు అన్నయ్య, అక్కయ్యలై జీవితములు ధారపోసిరి. దుర్గాబాయి దేశ్‌ముఖ్ ఆంధ్ర మహిళా సభను నెలకొల్పి, 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ మండలికి తొలి అధ్యక్షురాలైనారు. 1969లో ఢిల్లీలోని రాజఘాట్ వద్ద గాంధీ శతజయంతి కట్టడముల పనిలో, ఎండలో దుమ్ములో పడియున్న కూలితల్లుల బిడ్డలను చూచి సహింపలేక మీరా మహదేవన్ ఒక గుడారము వేయించినది. మొబైల్ క్రెషెస్ అను సంస్థ ఆ గుడారమున పుట్టినది. ఆమె చేతిలో ప్రభుత్వము లేదు, చట్టము లేదు. మీ చేతిలో రెండును గలవు.

కావున నేను కోరునది ఇది. ఒంటిపూట బడులు మొదలైనది మొదలు జూన్‌లో బడులు తెరచువరకు, మాదాపూరు పరిసరములలోని ప్రతి బస్తీకిని నడచిపోదగిన దూరమున, సాయంకాలము తల్లులు పని ముగించుకొని వచ్చువరకు తెరచియుండు చల్లని గది యొకటి యుండవలెను. బడియైనను, అంగన్‌వాడీయైనను, కమ్యూనిటీ హాలైనను మాకొక్కటే. అందు పసివారిని ఎత్తుకొన తెలిసిన స్త్రీలను జీతమిచ్చి నియమింపవలెను. అంగన్‌వాడీ టీచరు సెలవును హరించి కాదు. కార్యాలయ సముదాయములలోని శిశుగృహములు తుడుచు స్త్రీకిని, కాపలా స్త్రీకిని తెరువబడవలెను. కార్మిక శాఖవారు ఈ ప్రాంతమున ఏబదిమందికి మించి పనిచేయు ప్రతి సంస్థయొక్కయు, ప్రతి నిర్మాణస్థలముయొక్కయు పేరును, అక్కడ బిడ్డలకు గది యున్నదో లేదో, ఉన్నచో ఎందరు బిడ్డలు నిన్న అందున్నారో తెలుపు జాబితాను తెలుగులో అచ్చువేసి, నగరపాలక సంస్థ సర్కిల్ కార్యాలయము గోడమీద నంటింపవలెను. ఆ జాబితాను ఏ తేదీన ప్రకటింతురో లిఖితపూర్వకముగ తెలియజేయుదురని ఎదురుచూచుచున్నాను.

ఇట్లు,
మాదాపూరు వాస్తవ్యురాలగు ఒక తల్లి